ర్యాక్ పోయింది, రూలు మిగిలింది

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో సంగీత పత్రికల డిజైన్ మీద వచ్చిన వ్యాసం చదివాను. చదివాను అనేకంటే భూతద్దం పెట్టుకుని పూర్తి చేశాను అంటే సరిగ్గా ఉంటుంది. ముదురు నీలం ఫోటో మీద బూడిద రంగులో సన్నటి అక్షరాలు వేశారు. నియమాలు బద్దలు కొట్టాలని చెప్పే వ్యాసం కదా, చెప్పడంతో సరిపెట్టకుండా చేసి కూడా చూపించారనుకున్నాను.

వ్యాసంలో అడిగిన ప్రశ్నలు మంచివే. పత్రిక పేరు కవర్ మీద పైనే ఎందుకుండాలి? గాయకుడు కెమెరా కళ్లలోకే ఎందుకు చూడాలి? అన్ని పత్రికల్లోనూ అవే మూడు రంగులు, అవే మూడు కాలమ్‌లు ఎందుకు? బాగానే అడిగారు. కానీ జవాబు కోసం ఆగలేదు. "ఎందుకుండాలి" అన్న వెంటనే "ఉండక్కర్లేదు" అని తేల్చేశారు. సంగీతమంటేనే తిరుగుబాటు, కాబట్టి సంగీత పత్రికా తిరగబడాల్సిందే అన్నారు. నా అభ్యంతరం అక్కడే. ఆ "ఎందుకు"లన్నిటికీ జవాబులున్నాయి. కొన్ని ఇప్పటికీ గట్టిగా నిలబడే జవాబులు, కొన్ని ఎప్పుడో కాలం చెల్లినవి. ఏది ఏదో చూసుకోకుండా పలుగు పట్టుకుంటే గోడ బదులు దూలం పడుతుంది.

నా సంగతి కాస్త చెప్పాలి. పందొమ్మిదేళ్లు ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో ప్రీప్రెస్ పని చేశాను. డిజైనర్లు పంపిన ఫైలు అచ్చు ప్లేటు ఎక్కేలోపు అందులో తప్పులు ఏరే పని అది. అందరూ తిట్టుకునే ఉద్యోగం. అది మానేశాక మా తమ్ముడి కొడుకు, వాడి స్నేహితులిద్దరూ కలిసి సంగీతానికే ఒక పత్రిక పెడతామంటే పేజీలు కట్టడానికి ఒప్పుకున్నాను. మూడు నెలలకొకటి చొప్పున నాలుగు సంచికలు వచ్చాయి. నాలుగో దానితో ఆగింది. మీ వ్యాసంలో చెప్పిన నియమాలన్నిటినీ మేం ఒకసారి తెగ్గొట్టాం, ఒకసారి తు.చ. తప్పకుండా పాటించాం. రెండుసార్లూ దెబ్బ తిన్నాం. ఆ అనుభవం కొద్దీ రాస్తున్నాను.

మొదటి సంచిక నాటికి మా కుర్రాళ్లకి డేవిడ్ కార్సన్ దేవుడు. 1992లో అమెరికాలో మొదలైన రే గన్ అనే సంగీత పత్రికకు మొదటి ఆర్ట్ డైరెక్టర్ ఆయన. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కించడం, వాక్యాన్ని పేజీ అంచున సగానికి నరికేయడం, కాలమ్‌లను ఒకదాన్నొకటి గుద్దుకోనివ్వడం ఆయన పద్ధతి. "అత్తా, ఆయన్ని ఆపేవాళ్లు ఎవరూ లేరు తెలుసా" అనేవాడు మావాడు. నేను ప్రెస్‌లో పనిచేసీ చేసీ ప్రతిదానికీ భయపడే మనిషినై పోయానని వాడి ఫిర్యాదు. నిజమే కాబట్టి నోరు మూసుకున్నాను.

ఆ సంచిక కవర్ మీద చొక్కా లేని ఒక డ్రమ్మర్ వీపు. మొహం లేదు. పత్రిక పేరు అట్టడుగున. లోపల ఏముందో చెప్పే కవర్ లైన్ ఒక్కటీ లేదు. బార్‌కోడ్ నల్లటి నేల మీద ఎర్రటి గీతలతో, నిజం చెప్పాలంటే, చాలా అందంగా ఉంది.

దుకాణంలో ర్యాక్‌కి ముందువైపు ఒక పట్టీ ఉంటుంది. పత్రికలు జారిపడకుండా అది కింది భాగాన్ని పట్టుకుంటుంది. మా పేరు ఆ పట్టీ వెనక్కి పోయింది. పైన మిగిలింది చెమట పట్టిన వీపు, భుజం కండలు. దుకాణదారు తన బుద్ధికి తోచినట్టు మా పత్రికను వ్యాయామం పత్రికల పక్కన పెట్టాడు. ఆయన తప్పేం లేదు, నేనైనా అక్కడే పెడతాను. ఒకాయన కొన్నాడు కూడా. లోపల గిటార్ల గురించి చూసి మర్నాడు వెనక్కి తెచ్చాడట.

ఇక బార్‌కోడ్. పత్రికల బార్‌కోడ్ 977తో మొదలయ్యే పదమూడు అంకెలది, పక్కన సంచికను చెప్పే చిన్న తోక ఉంటుంది. దాన్ని చదివే స్కానర్లలో చాలావాటిది ఎర్ర వెలుతురు. ఎర్ర వెలుతురుకి ఎర్ర గీత తెల్లగా కనిపిస్తుంది, అంటే అక్కడ గీతే లేనట్టు. పైగా నేల నలుపు. గీత ముదురుగా, నేల లేతగా, రెండు పక్కలా కాస్త ఖాళీ ఉంటేనే అది చదువుతుంది. ఈ విషయం నాకు తెలుసు. ఒకసారి చెప్పాను కూడా. "ఎర్ర గీతలే కవర్‌కి ప్రాణం అత్తా" అంటే పిల్లల ఉత్సాహం మీద నీళ్లెందుకు చల్లాలని ఊరుకున్నాను. పందొమ్మిదేళ్ల అనుభవం ఆ పూట ఎక్కడికి పోయిందో. కౌంటర్లో ప్రతి కాపీకీ అంకెలు చేత్తో కొట్టాల్సి వచ్చింది. రెండు దుకాణాలు కట్టలు విప్పకుండానే వెనక్కి పంపేశాయి.

లోపలి పేజీల్లో తప్పు పూర్తిగా నాదే. ఒక గాయని ఫోటోను రెండు పేజీల మీదా పరిచాను. కంప్యూటర్ తెర మీద రెండు పేజీలూ చదునుగా, ఒకే బల్లలా కనిపిస్తాయి. మధ్యలో మడత ఉంటుందని తెర చెప్పదు. అచ్చయి, పిన్ను పడి, చేతిలోకి వచ్చాక చూస్తే ఆమె ముక్కూ మైకూ మడతలోకి దిగిపోయాయి. రెండు బుగ్గలు మాత్రం ఒకదానికొకటి ఎదురుగా నిలబడ్డాయి. సరిగ్గా నడిమి ఆకు మీద అయితే ఇబ్బంది ఉండదు, అది ఒకే కాగితం. మిగతా చోట్ల మొహాన్ని మడతకి దూరంగా జరపాలి. వేరేవాళ్ల ఫైళ్లలో ఈ తప్పు వందసార్లు పట్టుకుని ఉంటాను. మన ఇంటి కూర ఉప్పు మనకి తెలియదన్నట్టు అయింది.

అదే సంచికలో ఒక ఇంటర్వ్యూ మొత్తం నలుపు మీద తెల్లక్షరాల్లో వేశాం. ఆ నలుపు నిండుగా రావాలని నాలుగు ఇంకులూ కలిపాం. ఒక్కో ఇంకుకి ఒక్కో ప్లేటు. ఆ నాలుగింటిలో ఒకటి వెంట్రుక వాసి జరిగినా తెల్లక్షరంలోకి పక్క ఇంకు పాకుతుంది. అక్షరాలు లావుగా ఉంటే తట్టుకుంటాయి, ఇవి సన్నవి. తెలుగు అక్షరానికి కష్టం ఇంకాస్త ఎక్కువ. పైన తలకట్టు, కింద వత్తు, మధ్యలో చిన్న చిన్న కన్నాలు. "ప"కీ "ష"కీ తేడా చెప్పే చిన్న గీత మూసుకుపోతే మాట మారిపోతుంది. పేజీలో సగం వత్తులు ఇంకు మింగేసింది. ఆ ఇంటర్వ్యూ ఇచ్చిన ఆయన ఫోన్ చేసి, "నేను చెప్పిందాంట్లో ఏముందో మీరైనా చెప్తారా" అని అడిగాడు.

ఆ రాత్రి నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. ఏ డిజైన్ నియమం ఎదురైనా, ఇది ఎవరిది అని అడుగుతాను. యంత్రానిదా, కంటిదా, అంగడిదా?

యంత్రంతో వాదనలుండవు. కాగితాన్ని కోసే కత్తి కాస్త అటూ ఇటూ అవుతుంది కాబట్టి బొమ్మను అంచుకి అవతల 3 మిల్లీమీటర్లు పెంచి ఇవ్వాలి. పిన్ను కొట్టే పత్రికకి పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి. మీరు ఎంత తిరుగుబాటుదారులైనా నలభై ఐదు పేజీల పత్రిక రాదు. ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

కన్ను కాస్త మెత్తనిది. నచ్చజెబితే వింటుంది, కాకపోతే అలిసిపోతుంది. లైను మరీ పొడుగైతే తర్వాతి లైను మొదలు వెతుక్కోవాలి. మరీ పొట్టిదైతే, అందులోనూ తెలుగులో సంధులతో సాగిన పొడుగు మాటలుంటే, రెండు వైపులా అంచులు కలపబోయి మాటల మధ్య గుంటలు పడతాయి. ఇంగ్లీషు పత్రికలని చూసి మూడు కాలమ్‌లు పెట్టేవాళ్లకి ఇది తెలియదు. మాకు రెండే సరిపోయాయి. వ్యాసం మొదటి అక్షరాన్ని మూడు లైన్లంత పెద్దది చేసి దించడం కూడా అక్కడి నుంచి తెచ్చుకున్నదే. వాళ్ల పెద్దబడి, అంటే క్యాపిటల్, అక్షరం చదును నేల మీద పెట్టెలా కూర్చుంటుంది. మా వ్యాసం "శ్రుతి" అన్న మాటతో మొదలైంది. "శ్రు"ని పెద్దది చేస్తే దాని వత్తు నాలుగో లైను నెత్తి మీదకి కాళ్లు చాపింది. అక్షరం కింద ఇంకో లైను ఖాళీ వదిలితే గానీ కుదరలేదు. ఇది నియమం పాటించడమో తప్పడమో నాకు ఇప్పటికీ తెలీదు. మన అక్షరానికి చోటివ్వడం అనుకున్నాను.

నేను అసలు చెప్పదలుచుకున్నది మూడోదాని గురించి. సంగీత పత్రిక కవర్ అంటే ఇలా ఉండాలి అని మనం అనుకునేవాటిలో చాలా భాగం అంగడి నియమాలు. ర్యాక్‌లో పత్రికలు ఒకదాని మీద ఒకటి సగం కప్పుకుని నిలబడతాయి, ఎడమవైపు మూడో వంతే బయటికి కనిపిస్తుంది. అందుకే పేరు మొదలు, ముఖ్యమైన కవర్ లైన్లు ఎడమ పక్కన. బ్రిటన్‌లో 1986 నుంచి వచ్చిన క్యూ అనే సంగీత పత్రికకు ఎర్రటి పెట్టెలో ఒకే ఒక్క అక్షరం పేరు, అదీ ఎడమ పై మూలన. ర్యాక్ ఎంత కిక్కిరిసినా ఆ పెట్టె కనిపిస్తుంది. కెమెరాలోకి చూసే మొహం కూడా అంతే. ఇరవై పత్రికల మధ్య నడిచిపోయే మనిషిని ఆపడానికి రెండు కళ్లు కావాలి. అమెరికా సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ 1967లో మొదలైనప్పుడు న్యూస్‌ప్రింట్ మీద అచ్చై, మడతపెట్టి వచ్చేది. తర్వాత కూడా చాలా ఏళ్లు పక్క పత్రికలకన్నా పెద్ద సైజులో ఉండేది. 2008లో దాన్నీ మామూలు సైజుకి తగ్గించారు. ర్యాక్‌లో మిగతావాటితో ఇమడడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. అంత పేరున్న పత్రిక కూడా చెక్క పట్టీ ముందు తల వంచింది.

మరి ఆ ర్యాక్ ఇప్పుడేదీ? 1952లో బ్రిటన్‌లో పుట్టిన ఎన్‌ఎంఈ అనే సంగీత పత్రిక 2018లో వారపత్రిక అచ్చు ఆపింది. క్యూ 2020లో మూతపడింది. మిగిలిన చిన్న పత్రికల్లో చాలా వరకు చందాదారుల ఇంటికి పోస్టు కవరులో వెళ్తున్నవే. కవరు చించేసరికి చేతిలో ఉన్నది ఒక్క పత్రికే. పక్కన పోటీ లేదు, కప్పేది లేదు, పట్టీ లేదు. అయినా కవర్ మీద "లోపల ప్రత్యేకం!" అని ఎర్ర గుండ్రంలో అరుస్తూనే ఉంటాం. ఎవరితో అరుస్తున్నాం? అప్పటికే చందా కట్టిన మనిషితో.

ఇతరులనడం ఎందుకు, మేమే చేశాం. మొదటి సంచిక దెబ్బకి రెండో సంచిక నుంచి దుకాణాల జోలికి పోకూడదని, పోస్టులోనే పంపాలని అనుకున్నాం. అదే రెండో సంచికకు భయం కొద్దీ దుకాణం నియమాలన్నీ పాటించాం! పేరు పైన, ఎడమకి. గాయకుడి మొహం మధ్యలో, కళ్లు మన మీదే. ఎరుపు, నలుపు, తెలుపు. ఎడమ పక్కన ఐదు కవర్ లైన్లు. కింద మూలన "ఉచిత పోస్టర్" గుండ్రం. పైన చివరంటా ఒక పట్టీ, అందులో ఆరుగురి పేర్లు. అచ్చై వచ్చాక బల్ల మీద పెట్టి అందరం చూశాం. తప్పు పట్టడానికి ఏమీ లేదు. మావాడి స్నేహితుడు ఒకడు, "బానే ఉంది, ఎక్కడో చూసినట్టుంది" అన్నాడు. అంతే, ఎవరూ మాట్లాడలేదు. ఆ సంచిక గురించి ఒక్క ఉత్తరం రాలేదు. తిడుతూ కూడా రాలేదు. మొదటి సంచికకైతే తిట్లైనా వచ్చాయి.

మూడో సంచిక గురించి ఎక్కువ చెప్పను. తల పత్రిక పేరు మీదికి వచ్చేలా పెడితే కవర్‌కి లోతు వస్తుందని అందరూ చేసేదే చేశాం. దశాబ్దాలుగా చూస్తున్న పేరైతే రెండక్షరాలు కప్పినా పాఠకుడి మనసు పూరించుకుంటుంది. మాది మూడక్షరాల పేరు, మూడో సంచిక. గిటారిస్టు గుబురు జుట్టు నడిమి అక్షరాన్ని మింగింది. మిగిలిన రెండూ కలిపి చదివితే వచ్చే మాట మీ పత్రికలో అచ్చు వేయరు.

ఇక్కడ కార్సన్ దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే మీ వ్యాసకర్త కూడా ఆ కథే చెప్పారు. 1994లో బ్రయన్ ఫెర్రీ అనే గాయకుడి ఇంటర్వ్యూ చప్పగా ఉందనిపించి, దాన్నంతా కార్సన్ జాఫ్ డింగ్‌బ్యాట్స్ అనే ఫాంట్‌లో వేశారు. అందులో అక్షరాలుండవు, నక్షత్రాలు, బాణాలు, చుక్కలే. పేజీ నిండా గుర్తులు, ఒక్క ముక్క చదవలేం. డిజైన్ గురించి మాట్లాడే ప్రతి చోటా ఈ కథ వినిపిస్తుంది. మావాడు నాకు పదిసార్లు చెప్పి ఉంటాడు. ఎవరూ చెప్పని రెండో సగం ఒకటుంది. అదే సంచిక వెనక పేజీల్లో ఆ ఇంటర్వ్యూని చదవగలిగే అక్షరాల్లో మళ్లీ వేశారు. ముందు అల్లరి చేసి, వెనక బాకీ తీర్చారన్నమాట. మీ వ్యాసంలోనూ మొదటి సగమే ఉంది. రెండో సగం తెలిశాక మావాడు కాసేపు అలిగాడు. దేవుడు మోసం చేసినట్టు అనిపించిందట. నాకు మాత్రం ఆయన మీద గౌరవం ఆ రోజే మొదలైంది.

ఇంకొకాయన నెవిల్ బ్రోడీ. 1980ల్లో బ్రిటన్‌లో ద ఫేస్ పత్రికకు పేజీలు చేశారు. లోపల విషయసూచిక పేజీ మీద "కంటెంట్స్" అన్న మాటను సంచిక తర్వాత సంచికగా కొంచెం కొంచెం విరగ్గొడుతూ పోయారు. చివరికి అది మాటలా కాక ఒట్టి ఆకారంలా మిగిలింది. అయినా పాఠకుడికి అది విషయసూచికేనని తెలుసు, ఎందుకంటే కిందటి నెల చూశాడు, అంతకుముందు నెల కూడా చూశాడు. ఒకేసారి విరిచేసి ఉంటే ఎవరికీ అర్థమయ్యేది కాదు. నెలల తరబడి ఓపిగ్గా విరగ్గొట్టడం! మా కుర్రాళ్లకి ఆ మాట చెబితే ఆవలించారు.

రోలింగ్ స్టోన్ 1981 జనవరి 22 కవర్ సంగతి చాలామందికి తెలుసు. బీటిల్స్ బృందంలోని గాయకుడు జాన్ లెనన్ దుస్తుల్లేకుండా ముడుచుకుని భార్య యోకో ఓనోను హత్తుకున్న ఫోటో. ఆనీ లీబొవిట్జ్ అనే ఫోటోగ్రాఫర్ 1980 డిసెంబర్ 8న తీసింది, అది తీసిన కొన్ని గంటలకే లెనన్‌ను కాల్చి చంపారు. ఆ కవర్ మీద ఒక్క కవర్ లైన్ లేదు. ఇద్దరిలో ఎవరూ కెమెరా వైపు చూడరు. 2005లో అమెరికా పత్రికా సంపాదకుల సంఘం అంతకుముందు నలభై ఏళ్ల కవర్లలో దీన్నే మొదటిదిగా ఎంచింది. మా మొదటి సంచికలో మేం చేసింది కూడా అదే కదా, కవర్ లైన్లు లేకపోవడం, మొహం చూపకపోవడం? తేడా ఏమిటని ఆలోచించాను. వాళ్లు పేరును ఎప్పుడూ ఉండే చోటే, ఎప్పుడూ ఉండే అక్షరాల్లోనే ఉంచారు. పేరు నిలబడింది కాబట్టి మాటల్లేని ఖాళీ కనిపించింది. ఆ ఖాళీకి కారణం ఏమిటో చూసిన ప్రతివాడికీ తెలుసు. మా డ్రమ్మర్ వీపుకి కారణం మాకే తెలీదు.

ఇక నాలుగో సంచిక.

ఒక డ్రమ్మర్ గురించి పన్నెండు పేజీల వ్యాసం. మొదటి కవర్ మీద వీపు చూపించిన అతనే. ఏళ్ల తరబడి ఎడమ పక్కన పెద్ద తాళం పళ్లెం మోగించీ మోగించీ ఎడమ చెవి వినికిడి దాదాపు పోయింది. అయినా వాయిస్తున్నాడు. ఎడమ వైపు నుంచి ఎవరు పిలిచినా తల పూర్తిగా తిప్పాల్సిందే. రాసిన అమ్మాయి బాగా రాసింది. పేజీలు కట్టడానికి కూర్చుని రెండు రాత్రులు ఏవేవో చేశాను. అక్షరాలు మసకబార్చాను, వంచాను, చెవి బొమ్మ పెట్టి తీసేశాను. మూడో రాత్రి అన్నీ చెరిపి, వ్యాసం మొత్తాన్ని కుడి పేజీల మీదే పెట్టాను. 19, 21, 23, అలా 29 దాకా. ఎడమ పేజీలు ఆరూ ఖాళీ.

మిగతాదంతా ఒక్క నియమం కూడా తప్పలేదు. రెండు కాలమ్‌లు, మామూలు అక్షరం, తెలుపు మీద నలుపు, సరైన అంచులు, వ్యాసం శీర్షిక ఉండాల్సిన చోటే. మావాడు చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "పేజీ నంబర్లు కూడా తీసెయ్ అత్తా, పూర్తి ఖాళీ అయితేనే బావుంటుంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అరగంట గొడవ. నంబర్ కూడా లేకపోతే అది ప్రెస్‌వాళ్ల పొరపాటులా కనిపిస్తుంది, నంబర్ ఉంటేనే ఆ పేజీ కావాలని ఖాళీగా ఉందని తెలుస్తుంది అని నా వాదన. వాడు ఒప్పుకోలేదు గానీ ఫైలు నా దగ్గరుంది.

ప్రెస్ నుంచి ఫోన్ రానే వచ్చింది. "మేడమ్, ఆరు పేజీలు ఖాళీగా ఉన్నాయి, ఫైలు పాడైనట్టుంది, మళ్లీ పంపండి." పాడవలేదు, అలాగే వేయండి అన్నాను. అరగంట తర్వాత అక్కడి సూపర్‌వైజర్ చేశాడు. తర్వాత, అలాగే వేయమని రాతపూర్వకంగా పంపమన్నారు. పంపాను. వాళ్ల కుర్చీలో నేనున్నా అదే అడిగేదాన్ని.

అచ్చై వచ్చాక నా గుండె జారింది. కాగితం పలచనిది, అదే మాకు అందింది. ఇరవయ్యో పేజీ ఖాళీ అనుకున్నాను కదా, దాని వెనక పంతొమ్మిదో పేజీ ఉంది. ఆ అక్షరాలు తిరగబడి, లీలగా, ఇవతలికి కనిపిస్తున్నాయి. తెర మీద పాలలా ఉన్న ఖాళీ కాగితం మీద మరకలు పడ్డట్టు ఉంది. ప్రీప్రెస్‌లో పందొమ్మిదేళ్లు పనిచేసిన మనిషికి రాకూడని తప్పు. పట్టుకెళ్లి డ్రమ్మర్‌కి ఇచ్చి, ముందే క్షమించమని అడిగాను. అతను ఎడమ పేజీని కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఆ చెవికి ఇలాగే వినిపిస్తుందండీ, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు" అన్నాడు.

అది నా తెలివి కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. తెలివైతే నంబర్లూ తీసేసి, మంచి కాగితం వేసేదాన్ని.

పదకొండు కాపీలు "అచ్చు తప్పు" అని వెనక్కి వచ్చాయి. వాటితో పాటే ఒక ఉత్తరం కూడా. రాసినాయన ఎడమ పేజీ చూసి ముందు చిరాకు పడి, మూడో ఖాళీ పేజీ దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాడట. ఆయన ఏమీ పొగడలేదు. ఇరవై ఏడో పేజీలో ఒక అచ్చు తప్పు పట్టుకున్నాడు, అంతే. నిజంగానే ఉంది. "తాళం" అన్న మాటలో సున్నా ఎగిరిపోయింది.

మీకు ఒకే ఒక విన్నపం. మీ వ్యాసంలో చెప్పిన కార్సన్ పద్ధతినే పూర్తిగా పాటించండి. వచ్చే ఆదివారం అనుబంధంలో, ఎంత వెనక పేజీలో అయినా ఫరవాలేదు, ఆ వ్యాసాన్ని తెల్ల కాగితం మీద నల్లక్షరాల్లో మరోసారి వేయండి. నాలుగో పేరాలో చివరి మూడు లైన్లు, ఫోటోలో గిటారు నీడ పడే చోట, నా భూతద్దానికి కూడా దొరకలేదు. అక్కడే ఏదో మంచి మాట చెప్పారని అనుమానంగా ఉంది.

ఇట్లు,
పేజీలు కట్టే పని చేసిన ఒక పాఠకురాలు